గదంత పొడవు తీగ, గంటసేపు ఒకే స్వరం

(ధ్వని కళపై జరిగిన ఒక వర్క్‌షాప్‌లో చేసిన ప్రసంగానికి అక్షర రూపం. చివర్లో వచ్చిన ప్రశ్నల్లో మూడింటిని ఉంచాం.)

అందరికీ నమస్కారం.

నాకిచ్చిన విషయం డ్రోన్ సంగీతం, సొంతంగా కట్టుకునే వాద్యాలు. ఈ దారిలో నడిచినవాళ్లు చాలామంది ఉన్నారు. అందరి పేర్లూ వరసగా చదువుకుంటూ పోతే గంట గడిచిపోతుంది, మీ చెవిలో మాత్రం ఏమీ మిగలదు. అందుకని ఒక్క మనిషి దగ్గర, ఒక్క వాద్యం దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. ఆ మనిషి ఎలెన్ ఫుల్‌మన్. 1957లో అమెరికాలోని మెంఫిస్‌లో పుట్టారు. ఆ వాద్యం పేరు లాంగ్ స్ట్రింగ్ ఇన్‌స్ట్రుమెంట్. 1981లో దాని పని మొదలుపెట్టారు. అప్పట్నుంచి నలభై ఏళ్లకు పైగా ఆ ఒక్క వాద్యాన్నే కడుతూ, వాయిస్తూ, మారుస్తూ వచ్చారు.

ముందు డ్రోన్ సంగతి. మీకు ఇది కొత్తేమీ కాదు. తంబురా శ్రుతి అంటే అదే. కచేరీలో తంబురా వెనక ఉంటుంది, పాట ముందుంటుంది. డ్రోన్ సంగీతంలో పాట ఉండదు, శ్రుతి ఒక్కటే ఉంటుంది. రాగం లేదు, తాళం లేదు, పల్లవి లేదు. పావుగంట, అరగంట, ఒక్కోసారి గంటల తరబడి ఒకే స్వరమో, రెండు మూడు స్వరాల కలయికో మోగుతూ ఉంటుంది. మొదటిసారి విన్నవాళ్లు "ఇందులో ఏమీ జరగట్లేదు కదా" అంటారు. జరుగుతోంది. కాకపోతే అది స్వరానికీ స్వరానికీ మధ్య కాదు, స్వరం లోపల జరుగుతోంది.

తంబురా మంద్ర షడ్జం తీగను మీటి, కళ్లు మూసుకుని వినండి. కాసేపటికి అంతర గాంధారం వినిపిస్తుంది. ఆ స్వరాన్ని ఎవరూ మీటలేదు. తీగ 130 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకి 130 సార్లు, కంపిస్తుంటే 260, 390, 520, 650 దగ్గర కూడా కంపనాలుంటాయి. వీటినే హార్మోనిక్స్ అంటాం. ఐదో హార్మోనిక్, అంటే ఆ 650, మనకి గాంధారంగా వినపడుతుంది. తీగలు ఆనే గుర్రం (బ్రిడ్జి) మీద తీగ కింద పెట్టే జీవా దారం ఈ పై హార్మోనిక్స్‌నే పైకి తెస్తుంది. దారాన్ని వెంట్రుకవాసి జరిపితే తీగ స్వభావమే మారిపోతుంది. తంబురా సరిచేసేవాళ్లు స్థాయి కుదిరాక కూడా దారం దగ్గర చాలాసేపు కూర్చునేది ఇందుకే. డ్రోన్ సంగీతకారులు ఆ దారం జరిపే పనినే సంగీతం చేసుకున్నారని చెప్పవచ్చు.

ఈ బంధం నేను ఊహించి చెప్తున్నది కాదు. 1960లలో న్యూయార్క్‌లో లా మాంటే యంగ్, మారియన్ జజీలా, టోనీ కాన్రాడ్, జాన్ కేల్ కలిసి గంటల కొద్దీ సాగే స్వరాలతో ప్రయోగాలు చేశారు. 1970 నుంచి యంగ్, జజీలా ఇద్దరూ హిందుస్తానీ సంగీతంలో కిరానా ఘరానా గాయకుడు పండిట్ ప్రాణ్‌నాథ్‌కు శిష్యులయ్యారు. ఆయన దగ్గర నేర్చుకున్న మరొకరి గురించి కాసేపట్లో చెప్తాను.

ఇప్పుడు ఫుల్‌మన్ దగ్గరికి వద్దాం. ఆమె చదివింది శిల్పం, కాన్సాస్ సిటీ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో. సంగీత విద్వాంసులు వాద్యం చేతికొచ్చాక ఏం వాయించాలా అని ఆలోచిస్తారు. శిల్పి ముందు పదార్థాన్ని పట్టుకుని, అది ఏం చేయగలదో చూస్తుంది. 1980లో ఆమె లోహపు రేకుతో ఒక పావడా చేసుకుని తొడుక్కున్నారు. బూట్ల నుంచి పావడా అంచు దాకా గిటార్ తీగలు బిగించారు. నడిస్తే తీగలు మోగుతాయి, ఆ మోతను చిన్న ఆంప్లిఫయర్ పెద్దది చేస్తుంది. నడక, తీగ, లోహం మూడూ అప్పటికే అందులో ఉన్నాయి చూడండి. తర్వాత కట్టిన పెద్ద వాద్యంలోనూ ఆ మూడే ఉన్నాయి.

ఆ పెద్ద వాద్యం ఎలా ఉంటుందో చెప్తాను. ఒక పొడవాటి గది. ఒక చివర కొయ్య పెట్టెలు, వాటి నుంచి నడుమెత్తులో పదుల కొద్దీ సన్నని లోహపు తీగలు గది అవతలి చివర దాకా. ఇరవై మీటర్ల పొడవు, వీలైతే ఇంకా ఎక్కువ. తీగల మధ్య నడిచే దారి. వాయించే మనిషి వేళ్లకు రోజిన్ (పట్టు కోసం వయొలిన్ కమానుకి రాసే జిగురు పదార్థం) రాసుకుని, తీగలను వేళ్లతో ఒరుసుకుంటూ నెమ్మదిగా నడుస్తుంది. మీటడం లేదు, కొట్టడం లేదు. నడకే వాయింపు.

ఇక్కడ కొంచెం భౌతికశాస్త్రం చెప్పక తప్పదు. అది తెలియకపోతే ఈ వాద్యం ఇంత పొడవెందుకో అర్థం కాదు, ఏదో గొప్ప కోసం గది నింపారనిపిస్తుంది.

వీణ తీగ మీటితే అది పక్కలకి ఊగుతుంది. ఆ ఊగు ఎంత వేగంగా ఉంటుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: పొడవు, బిగువు, బరువు. బిరడ తిప్పితే స్వరం మారేది బిగువు వల్లే. ఫుల్‌మన్ తీగ అలా ఊగదు. రోజిన్ రాసిన వేళ్లు తీగను పొడుగునా పట్టి లాగుతాయి, జారతాయి, మళ్లీ పట్టుకుంటాయి. వయొలిన్ కమాను చేసే పని ఇదే, కానీ కమాను తీగకి అడ్డంగా నడుస్తుంది. ఇక్కడ వేళ్లు తీగ వెంట నడుస్తున్నాయి. దాంతో తీగ తన పొడవులోనే నొక్కుకుంటూ, సాగుతూ కంపిస్తుంది. ఈ కంపనానికి బిగువుతో దాదాపు పనిలేదు. తీగ తిన్నగా నిలబడేంత బిగువుంటే చాలు. స్వరాన్ని తేల్చేవి రెండే: ఆ లోహంలో ధ్వని వేగం, తీగ పొడవు. వేగాన్ని పొడవుకి రెండింతలతో భాగిస్తే కంపన సంఖ్య వస్తుంది.

ఇత్తడి తీగలో ధ్వని సెకనుకి సుమారు 3,480 మీటర్లు పోతుంది. గాలిలో పోయే వేగానికి పది రెట్లు. పది మీటర్ల ఇత్తడి తీగను లెక్కేస్తే 174 హెర్ట్జ్ వస్తుంది, మామూలుగా మాట్లాడే గొంతు స్థాయి. ఇరవై మీటర్లయితే 87 హెర్ట్జ్, మంద్రంలో బాగా కింద. ఉక్కులో వేగం ఇంకా ఎక్కువ, సెకనుకి 5,000 మీటర్ల పైనే. 65 సెంటీమీటర్ల గిటార్ ఉక్కు తీగను ఇలా పొడుగునా రుద్దితే 3,900 హెర్ట్జ్ దగ్గర కీచుమంటుంది. వినసొంపైన మంద్రం కావాలంటే గది పొడవు కావాల్సిందే. ఈ వాద్యం ఆకారాన్ని లోహమే నిర్ణయించింది.

(ప్రసంగకర్త మీటరు పొడవున్న అల్యూమినియం కడ్డీని నడిమధ్య రెండు వేళ్లతో పట్టుకుని, రోజిన్ రాసిన మరో చేత్తో చివర వైపు రుద్దారు. సన్నని, గట్టి స్వరం హాలంతా నిండింది.)

విన్నారా? మీటరు కడ్డీ, 2,500 హెర్ట్జ్ దగ్గర మోగుతోంది. ఫిజిక్స్ ల్యాబులో ఇది చాలామంది చూసే ఉంటారు. 1866లో జర్మన్ శాస్త్రవేత్త ఆగస్ట్ కుంట్ ఇలాగే కడ్డీని రుద్ది, గాజు గొట్టంలో పొడి చల్లి, ధ్వని వేగాన్ని కొలిచాడు. అంటే ఈ సూత్రం ఆమె కనిపెట్టింది కాదు. ల్యాబులో చెవులు మూసుకునేలా కీచుమనే దాన్ని పట్టుకుని, "దీన్ని ఇరవై మీటర్లు చేస్తే?" అని అడిగి, ఆ ప్రశ్న వెంట జీవితమంతా నడవడం ఆమె చేసిన పని. నాకు ఆమె మీద ఉన్న గౌరవమంతా అక్కడే ఉంది.

శ్రుతి చేసే పద్ధతి నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. బిరడలతో స్వరం మారదని చెప్పాను కదా. అందుకని ఆమె తీగ మీద ఒకచోట క్లాంపు బిగిస్తారు. ధ్వనికి ఆ చోటే తీగ చివర అవుతుంది. క్లాంపు జరిపితే పొడవు మారుతుంది, స్వరం మారుతుంది. ఇప్పుడు ఒక లెక్క చూడండి. 65 సెంటీమీటర్ల తీగను ఒక్క సెంటీమీటరు మారిస్తే స్వరం అరస్వరంలో పావు వంతుకు పైగా జరుగుతుంది. ఎవరి చెవికైనా అపశ్రుతి తెలిసిపోతుంది. పది మీటర్ల తీగ మీద అదే సెంటీమీటరు జరిపితే మారేది వెయ్యిలో ఒక వంతు, 174 హెర్ట్జ్‌లో 0.17 హెర్ట్జ్. పక్కనే అదే స్వరంలో ఇంకో తీగ మోగుతుంటే, రెండూ కలిసి సుమారు ఆరు సెకన్లకి ఒకసారి ఎగసి తగ్గుతాయి. ఆ అలల్ని బీట్స్ అంటాం. అలలు ఆరు సెకన్లకా, పది సెకన్లకా అన్నది చేత్తో, టేపుతో కొలిచి పెట్టుకోవచ్చు. పొడవు వల్ల మంద్రం ఒక్కటే రాలేదు, ఇంత సూక్ష్మమైన శ్రుతి కూడా చేతికందింది.

ఇంత సూక్ష్మం ఎందుకంటే, ఆమె తీగలను కీబోర్డు శ్రుతిలో పెట్టరు. షడ్జానికి పంచమం 3:2, గాంధారం 5:4, ఇలా చిన్న అంకెల నిష్పత్తుల్లో పెడతారు. తంబురాలో తనంతట తాను వినిపించిన ఆ గాంధారం సరిగ్గా ఈ 5:4దే. కీబోర్డు మీద నొక్కే గాంధారం దానికంటే 14 సెంట్లు ఎక్కువ. సెంటంటే కీబోర్డు మీద పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు. పాటలో అది దొర్లిపోతుంది. 650 హెర్ట్జ్ దగ్గర ఎడతెగకుండా మోగే డ్రోన్‌లో మాత్రం సెకనుకి ఐదు బీట్స్‌గా, వణుకులా వినిపిస్తుంది. స్వరం ఎంతసేపు నిలబడితే శ్రుతి మీద అంత కచ్చితంగా ఉండాల్సి వస్తుంది. డ్రోన్‌ని చాలామంది సులువైన సంగీతం అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఇందులో దాచుకోవడానికి చోటే లేదు.

ఇంకో విశేషం ఏమిటంటే, తీగ వెంట నడుస్తుంటే హార్మోనిక్స్ మారుతూ ఉంటాయి. వేళ్లు తీగలో ఏ భాగం మీద ఉన్నాయన్న దాన్ని బట్టి కొన్ని పైకి వస్తాయి, కొన్ని తగ్గిపోతాయి. అందుకే ఆమె రాసుకునే స్వరలిపిలో ఏ తీగ, ఎంతసేపు అన్నదానితో పాటు నేల మీద ఎక్కడ నిలబడాలో, ఎటు నడవాలో కూడా ఉంటుంది. అది సంగీతమూ అవుతుంది, నడకకు పటమూ అవుతుంది. తీగ చివర ఉన్న కొయ్య పలకకి తీగ లంబంగా తగిలి ఉంటుంది కాబట్టి, తీగ ముందుకీ వెనక్కీ తోసే తోపు పలకని స్పీకరులా కదిలిస్తుంది. ఆంప్లిఫయర్ లేకుండానే హాలు నిండుతుంది.

1980లలో ఆమె నెదర్లాండ్స్‌లోని ఐంద్‌హోవెన్‌లో, పాల్ పాన్‌హౌసెన్ 1980లో మొదలుపెట్టిన హెట్ అపోలోహౌస్ అనే కళాకేంద్రంలో పనిచేశారు. 1985లో అక్కడ చేసిన రికార్డింగే ఈ వాద్యాన్ని బయటి ప్రపంచానికి వినిపించింది. పాన్‌హౌసెన్ కూడా పొడవాటి తీగలతో పనిచేసిన కళాకారుడే. ఇలాంటి పనికి చోటిచ్చేవాళ్లు లేకపోతే వాద్యం కాగితం మీదే ఉండిపోతుంది. ఈ తీగలు బిగించి శ్రుతి చేయడానికే రోజులు పడుతుంది, రోజువారీ అద్దెకిచ్చే హాలు దీనికి పనికిరాదు.

ప్రాణ్‌నాథ్ దగ్గర నేర్చుకున్న ఇంకొకరి గురించి చెప్తానన్నాను. ఆయన యోషి వాడా. 1943లో క్యోటోలో పుట్టి, అక్కడే శిల్పం చదివి, 1960ల చివర్లో న్యూయార్క్ చేరారు. బతుకుతెరువు కోసం ప్లంబింగ్ పనులు చేశారు. చేతిలో పైపులున్నాయి, వాటిని అతికే విద్య ఉంది. ఆ పైపులతోనే పెద్ద పెద్ద కొమ్ములు చేసి, 1970ల మొదట్లో వాటితో డ్రోన్ కచేరీలిచ్చారు. ఆపై స్కాట్లాండ్ బ్యాగ్‌పైప్ నేర్చుకుని, గాలి కంప్రెసరుతో మోగే తనదైన బ్యాగ్‌పైప్‌లు కట్టారు. మనిషి ఊపిరికి అలుపుంది, కంప్రెసరుకి లేదు. ఆయన ప్రసిద్ధ రికార్డింగుల్లో ఒకటి ఖాళీ ఈత కొలనులో చేసినది. నున్నటి గట్టి గోడలు, నీళ్లు లేవు, స్వరం ఆగదు. పాడే గొంతు, బ్యాగ్‌పైప్, కొలను, మూడూ కలిసి ఒక్క వాద్యం. వాడా 2021లో చనిపోయారు.

ఇద్దరూ శిల్పులే కావడం కాకతాళీయం కాదనుకుంటాను. శిల్పికి చోటు ఖాళీ కాదు, పదార్థం. వీళ్లకి గది కూడా అలాగే. 3.4 మీటర్ల గదిలో 50 హెర్ట్జ్ స్వరం మోగిస్తే, గోడల దగ్గర గట్టిగా, మధ్యలో దాదాపు నిశ్శబ్దంగా ఉంటుంది. ఆ గది కొలతకి ఆ స్వరం సరిగ్గా సరిపోతుంది కనుక. మామూలు పాటలో స్వరం క్షణంలో మారిపోతుంది, ఇదంతా తెలియదు. డ్రోన్ నిలబడుతుంది కాబట్టి, తల రెండడుగులు జరిపితే వేరే సంగీతం వినిపిస్తుంది. ఈ కచేరీల్లో శ్రోతలు లేచి తిరగడం మర్యాద తప్పడం కాదు, చేయవలసిన పనే.

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఈ సంగీతంలో వాద్యం కట్టడమే రచన. ఏ లోహం, ఎంత పొడవు, చివర ఏ కొయ్య, ఏ గది, ఈ నాలుగూ తేలేసరికి కృతి ముక్కాలు వంతు రాసినట్టే. మిగిలిన పావు వంతు ఓపికగా వాయించడం. అందుకే వింత కోసం వింత వాద్యాలు చేసేవాళ్లని చూస్తే నాకు బాధేస్తుంది. ఏదో డబ్బాకి ఒక పికప్ (కంపనాన్ని పట్టే మైకు) అంటించి, ఒక వీడియో తీసి, వచ్చే వారం ఇంకో డబ్బా. ఆ మొదటి డబ్బాలో ఏముందో వినడానికి ఆ మనిషి ఆగలేదు. కట్టిన దానితో కొన్నేళ్లు ఉండండి. ఇది సలహా కాదు, వేడుకోలు.

పికప్ మాట వచ్చింది కనుక పనికొచ్చే విషయం ఒకటి. మీలో చాలామంది కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పీజో బిళ్లల్ని కాంటాక్ట్ మైకుగా వాడుతుంటారు. "మా వాద్యం రేకులా, పల్చగా వినిపిస్తోంది" అని తరచూ అడుగుతారు. వాద్యం తప్పు కాదది. 27 మిల్లీమీటర్ల బిళ్ల కెపాసిటెన్స్ సుమారు 20 నానోఫారడ్లు. దాన్ని నేరుగా 10 కిలోఓమ్‌ల లైన్ ఇన్‌పుట్‌లో పెడితే 800 హెర్ట్జ్ కింద ఉన్నదంతా క్రమంగా పడిపోతుంది. డ్రోన్‌లో ప్రాణమంతా ఉండేది ఆ కిందనే. మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న ప్రీఆంప్ (సంకేతాన్ని ముందుగా పెంచే చిన్న ఆంప్లిఫయర్) మధ్యలో పెట్టండి, ఆ కోత 8 హెర్ట్జ్‌కి దిగిపోతుంది. మంద్రం మొత్తం తిరిగొస్తుంది.

ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: మా దగ్గర ఇరవై మీటర్ల గది లేదండీ. చిన్న చోటులో ఇలాంటిది ఎలా చేయాలి?

పొడుగునా కంపించే పద్ధతి చిన్న చోటులో మంద్రం ఇవ్వదు, దానికోసం కష్టపడకండి. పక్కలకి ఊగే తీగనే తీసుకుని, అది ఆగకుండా మోగేలా చేయండి. రోజిన్ రాసిన చక్రాన్ని చిన్న మోటారుతో తిప్పుతూ తీగకి తగిలించడం ఒక దారి. యూరప్‌లో శతాబ్దాలుగా ఉన్న హర్డీ-గర్డీ వాద్యంలో పనిచేసేది ఆ చక్రమే, కాకపోతే చేత్తో తిప్పుతారు. ఇంకో దారి 1977లో అమెరికన్ స్వరకర్త ఆల్విన్ లూసియర్ చేసినది. పొడవాటి తీగను పెద్ద అయస్కాంతం ధ్రువాల మధ్య నుంచి పోనిచ్చి, ఆసిలేటరు (స్థిరమైన స్వర సంకేతాన్ని పుట్టించే పరికరం) సంకేతాన్ని ఆంప్లిఫయర్ ద్వారా ఆ తీగలోకే పంపారు. విద్యుత్తు, అయస్కాంతం కలిసి తీగను ఊపుతాయి. ఎవరూ ముట్టుకోరు. ఎవరైనా పక్కనుంచి నడిచినా, గదిలో వేడి మారినా తీగ పాట మారిపోతుంది. చిన్న తీగతో, చిన్న అయస్కాంతంతో బల్ల మీద కూడా ఇది చేసుకోవచ్చు. తీగ నిరోధం చాలా తక్కువ కాబట్టి, వరసలో సరైన రెసిస్టరు పెట్టకుండా ఆంప్లిఫయర్‌కి కలపకండి, కాలిపోతుంది.

ప్రశ్న: గంటల తరబడి ఇలా వింటే చెవులకి ఇబ్బంది కాదా?

అవుతుంది, గట్టిగా పెడితే. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు అన్నది అమెరికాలో పని చోట్లకి సిఫారసు చేసిన హద్దు. అక్కడ్నుంచి ప్రతి 3 డెసిబెల్స్ పెరిగేకొద్దీ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంటే. డ్రోన్‌లో విరామం ఉండదు, పైగా చెవి అలవాటు పడిపోయి గట్టిదనం తెలియదు. డెసిబెల్ మీటరు పెట్టి చూసుకోండి, ఇయర్‌ప్లగ్స్ పంచండి. ఈ సంగీతానికి గట్టిదనం తప్పనిసరి కాదు. ఫుల్‌మన్ తీగలు ఆంప్లిఫయర్ లేకుండా మోగుతాయని మరిచిపోకండి.

ప్రశ్న: రికార్డింగ్ వింటే సరిపోతుందా? అక్కడికి వెళ్లి వినే వీలు అందరికీ ఉండదు కదా.

ఉండదు, నిజమే. రికార్డింగులో హార్మోనిక్స్ ఉంటాయి, బీట్స్ ఉంటాయి, శ్రుతి ఉంటుంది. తల తిప్పితే మారే భాగం మాత్రం పోతుంది, ఎందుకంటే మైకు ఒక్కచోటే నిలబడి వింది. హెడ్‌ఫోన్స్‌లో అది అసలే రాదు, గది మీ చెవి దగ్గరే ఆగిపోతుంది. స్పీకర్లలో పెట్టి, గదిలో తిరుగుతూ వినండి. అప్పుడు మీ గది ఆ స్వరాల్ని తన కొలతల ప్రకారం మళ్లీ పంచుతుంది. ఆ హాలు మీకు రాదు, కానీ మీ గది వస్తుంది. మీరు రికార్డు చేసేవాళ్లయితే ఒక మైకు కొయ్య పెట్టె దగ్గర, ఇంకొకటి గది అవతలి చివర పెట్టండి. రెండింటినీ వెంటనే కలిపేయకుండా విడివిడిగా దాచుకోండి, ముందు ఒక్కోదాన్నీ వేరుగా విని చూడండి.